కత్తి పట్టిన అమ్మాయి కథ రాయాలంటే: యంగ్ అడల్ట్ ఫాంటసీ నవలకు సమగ్ర మార్గదర్శి

"హీరోయిన్‌ని చాలా స్ట్రాంగ్‌గా రాశాను. అయినా చదివినవాళ్లు ఆమెతో కనెక్ట్ కాలేదంటున్నారు. ఎక్కడ తప్పింది?"

యంగ్ అడల్ట్ ఫాంటసీ, అంటే టీనేజీ పాఠకుల కోసం మాయలతో, ఊహాలోకాలతో అల్లే నవలలు రాసేవాళ్ల నుంచి ఇదే ప్రశ్న మాటలు మార్చుకుని వస్తూనే ఉంది. పంపిన అధ్యాయాలు చదివితే జబ్బు దాదాపు ఒకటే. ఆ అమ్మాయి ఖాతాలో అన్నీ జమలే, ఖర్చు లేదు. కత్తి ఎత్తితే గెలుపు, చెయ్యెత్తితే మంత్రం, నోరు తెరిస్తే చప్పట్లు. ఆమెకు ఏమైపోతుందోనన్న టెన్షన్ రచయితకే లేనప్పుడు చదివేవాళ్లకు ఎక్కణ్నుంచి వస్తుంది?

అందుకే ఈ మార్గదర్శి అంతా జమాఖర్చుల లెక్క మీదే నడుస్తుంది. మెట్లు వరుసగా ఎక్కండి. మొదటి మూడూ వదిలేసి నేరుగా యుద్ధం రాయడానికి కూర్చున్నవాళ్లే ఎక్కువగా మధ్యలో ఆగిపోతారు.

## 1. కథ మొదలుపెట్టక ముందు నాలుగు జవాబులు

హీరోయిన్ వయసు 15 నుంచి 18 మధ్య ఉంచండి. అయితే వయసు వేస్తే సరిపోదు, ఆ వయసు కళ్లతోనే లోకం కనబడాలి. నలభై ఏళ్ల మనిషి వెనక్కి తిరిగి "అప్పట్లో నాకేం తెలుసని" అని నిట్టూర్చే గొంతు ఇక్కడ పనికిరాదు. ఆమెకు అన్నీ మొదటిసారే జరుగుతున్నాయి. మొదటి గాయం, మొదటి పెద్ద అబద్ధం, పెద్దవాళ్లకూ భయమేస్తుందని మొదటిసారి తెలియడం.

ఒక నోటుబుక్కు తీసుకుని ఈ నాలుగింటికీ ఒక్కో వాక్యంలో జవాబు రాయండి.

- యుద్ధమే రాకపోతే ఈ అమ్మాయి రేపు పొద్దున ఏం పని చేసేది?
- ఆమెకు ఏం కావాలి? "దేశాన్ని కాపాడాలి" అని రాయకండి. ఒక మనిషి పేరో, ఒక చోటో, ఒక వస్తువో రాయండి.
- ప్రాణం మీదికి వచ్చినా ఆమె చేయలేని పని ఏది?
- ఏది పోతే ఆమె ఇక మునుపటి మనిషి కాదు?

ఉదాహరణకు ఒక అమ్మాయిని అనుకుందాం. పేరు వేణి, వయసు 16. తండ్రితో కలిసి ఏరు దాటించే పడవ నడుపుతుంది. సైన్యం పట్టుకుపోయిన తమ్ముణ్ని వెనక్కి తెచ్చుకోవాలి. ప్రాణం పోతున్నా ఎవరినీ సాయం అడగడానికి ఆమెకు నోరు రాదు. "వేణి ఉంది కదా" అని కళ్లు మూసుకుని పడవ ఎక్కే ఊరివాళ్ల నమ్మకం పోతే ఆమె ఆమె కాదు.

మూడో జవాబు దగ్గర ఎంత టైమ్ పట్టినా తొందరపడకండి. కథ మొత్తం దాని మీదే నిలబడుతుంది.

నోటుబుక్కు చివరి పేజీల్లో రెండు గళ్లు గీసి పెట్టండి. ఎడమ పక్క జమ, కుడి పక్క ఖర్చు. ప్రతి అధ్యాయం రాయగానే ఆమెకు ఏం దక్కిందో, ఏం పోయిందో ఒక్కో ముక్కలో రాసుకోండి.

## 2. ఒళ్లు ముందు, ఆయుధం తర్వాత

చాలామంది ముందు కత్తిని ఎంచుకుంటారు. దానికి రత్నాలు పొదిగి, పేరు పెట్టి, ఆ తర్వాత దాన్ని పట్టుకోవడానికి ఒక అమ్మాయిని వెతుకుతారు. వరుస తిరగేయండి. ఆమె రోజూ చేసే పని ఆమె ఒంటికి ఏం నేర్పిందో చూడండి. అందులోంచే ఆయుధం వస్తుంది.

వేణి పదేళ్లుగా గడ వేసి పడవ నెడుతోంది. భుజాలు గట్టిపడ్డాయి. ఊగే పలక మీద కాలు జారదు. చేతిలో ఎప్పుడూ పొడవాటి కర్ర ఉంటుంది. ఆమెకు ఈటె ఇస్తే పాఠకుడు ఒక్క ప్రశ్న కూడా అడగడు. అదే వేణికి విల్లు ఇస్తే మూడు అధ్యాయాల శిక్షణ రాయాలి.

కొన్ని అంకెలు దగ్గర పెట్టుకోండి. ఇవి తప్పితే తెలిసినవాళ్లు అక్కడే పుస్తకం మూసేస్తారు.

- ఒంటిచేత్తో వాడే యుద్ధఖడ్గం బరువు సుమారు 1 నుంచి 1.5 కిలోలు. రెండు చేతులా తిప్పే పెద్ద ఖడ్గాలు కూడా ఎక్కువగా 2 నుంచి 3.5 కిలోల మధ్యే ఉండేవి. "మగవాళ్లు కూడా ఎత్తలేని పది కిలోల కత్తి" అంటే అది గోడకు తగిలించుకోవడానికే.
- ఇనుప కడియాలు అల్లిన కవచం చొక్కా దాదాపు 10 కిలోలు. తల నుంచి కాళ్ల దాకా పలకల కవచమైతే 20 నుంచి 25 కిలోలు. బరువు ఒళ్లంతా పంచుకుంటుంది కాబట్టి పరుగెత్తవచ్చు, గుర్రమెక్కవచ్చు. కాకపోతే ఆయాసం త్వరగా వస్తుంది.
- అసలు బలం కావలసింది కత్తికి కాదు, యుద్ధవిల్లుకు. 1545లో మునిగి 1982లో పైకి తీసిన మేరీ రోజ్ అనే ఇంగ్లండ్ యుద్ధనౌకలో దొరికిన విల్లులను లాగడానికి 45 నుంచి 80 కిలోల బలం కావాలని అంచనా. చిన్నప్పటి నుంచి లాగినవాళ్లకే అది సాధ్యం. "సన్నటి అమ్మాయి కాబట్టి విల్లు ఇచ్చాను" అన్న లెక్క పూర్తిగా తలకిందులు.
- పొడవాటి ఈటె ఎదుటి మనిషిని దూరంగా ఉంచుతుంది. బలం తక్కువైనవాళ్లకు అదే పెద్ద సాయం. 1868లో జపాన్‌లోని ఐజు యుద్ధంలో నకానో తకెకో అనే యువతి స్త్రీల దళాన్ని నడిపింది. ఆమె చేతిలోని నగినాత కూడా పొడుగు కర్రకు కత్తి అమర్చిన ఆయుధమే.

రొమ్ముల ఆకారంలో పోతపోసిన ఇనుప కవచం వద్దు. ఆ వంపులు శత్రువు ఈటెను పక్కకు జారనివ్వకుండా సరిగ్గా రొమ్ముఎముక మీదికి మళ్లిస్తాయి. కవచం చేసేవాడు ఎవడైనా ముందు ఉబ్బెత్తుగా, నున్నగా, దెబ్బ జారిపోయేలా చేస్తాడు.

విప్పి వదిలిన జుట్టు కూడా అంతే. పట్టుకోవడానికి శత్రువుకు పిడి ఇచ్చినట్టే. దండుతో పాటు నెలల తరబడి నడిచే అమ్మాయికి నెలసరి వస్తుంది, కాళ్లు బొబ్బలెక్కుతాయి. వీటికి ఒక్క వాక్యం ఇచ్చినా చాలు, ఆమె ఒళ్లున్న మనిషి అవుతుంది.

శిక్షణ లెక్క

రెండు వారాల్లో ఎవరూ యోధులు కారు. రెండు వారాల్లో ఒక్క దెబ్బ నేర్చుకోవచ్చు, దాన్ని పదేపదే చేయవచ్చు. వేణికి ఆ ఒక్కటే నేర్పించండి. మొదటి పోరులో అది పనిచేస్తుంది. రెండో పోరులో శత్రువు దాన్ని ముందే కనిపెట్టేస్తాడు. కథకు అది బంగారంలాంటి చోటు.

## 3. మాయకు ధర కట్టండి

మాయాశక్తి ఏం చేయగలదో రాయడం సులువు. ఏం చేయలేదో, వాడినప్పుడు ఏం పోతుందో ముందు రాయండి. ఆ ధర హీరోయిన్ మూడో జవాబును నేరుగా తాకాలి.

వేణి శక్తి ఇది: ఎవరి చెయ్యైనా పట్టుకుని అడిగితే, వాళ్లు "ఇచ్చాను" అంటే, వాళ్ల బలం ఆమెకు వస్తుంది. ఆమె ఎంతసేపు వాడితే అంతకు రెట్టింపు సేపు ఇచ్చినవాళ్లు లేవలేరు. సాయం అడగడానికి నోరు రాని అమ్మాయికి, అడిగితే గానీ పనిచేయని శక్తి!

ఇప్పుడు కథ దానంతటదే కదులుతుంది. అడగదు కాబట్టి మొదట ఓడుతుంది. అడిగినప్పుడు ఇచ్చినవాళ్లు నేల మీద పడి ఉంటారు, వాళ్లను ఎవరు కాపలా కాయాలి? ఊరు ఊరంతా బలం ఇచ్చేస్తే యుద్ధం గెలుస్తామని సేనాధిపతి లెక్క వేస్తాడు. "ఇచ్చాను" అని బలవంతంగా అనిపిస్తే అది ఇచ్చినట్టా?

మీ మాయను ఇలా పరీక్షించండి.

- నియమం రెండు వాక్యాల్లో చెప్పగలరా?
- ధర కంటికి కనబడుతుందా? "కాస్త నీరసించింది" ధర కాదు.
- శత్రువు దాన్ని తనకు అనుకూలంగా తిప్పుకోగలడా?
- క్లైమాక్స్‌లో వాడే పద్ధతి మొదటి మూడో వంతులోనే ఒకసారి చిన్నగా కనిపించిందా?

చివరిది తప్పితే మరమ్మతు క్లైమాక్స్‌లో చేయకండి. వెనక్కి వెళ్లి నాలుగో అధ్యాయంలో విత్తనం వేసి రండి.

## 4. లోకం: కథ తొక్కే నేల వరకే

మ్యాపులు, వంశవృక్షాలు, పదమూడు దేవుళ్ల పేర్లు... వీటితో ఆరు నెలలు హాయిగా గడిచిపోతాయి, నవల మాత్రం కదలదు. మూడు విషయాలు తేల్చుకుంటే మొదలుపెట్టవచ్చు.

ఒకటి, ఆడపిల్ల ఆయుధం పట్టడం ఆ లోకంలో మామూలా, వింతా, నేరమా? ఏదైనా ఫరవాలేదు, నవలంతా ఒకేలా ఉండాలి. వింత అయితే ఆమె మాట సైన్యం ఎందుకు వింటోంది? చరిత్రలో దీనికి రకరకాల దారులు కనిపిస్తాయి. రుద్రమదేవి శాసనాల్లో రుద్రదేవ మహారాజు అనే మగ పేరుతో కనిపిస్తుంది. 1429లో ఓర్లియాన్ ముట్టడి దగ్గర జోన్ ఆఫ్ ఆర్క్‌కు సుమారు 17 ఏళ్లు. దేవుడు పంపాడన్న నమ్మకమే ఆమె అధికారం. కత్తికన్నా తన జెండానే ఎక్కువ ఇష్టమని ఆమె తర్వాత విచారణలో చెప్పింది. వీళ్లను కాపీ కొట్టమని కాదు. "ఆమె మాట ఎందుకు చెల్లుతుంది" అన్న ప్రశ్నకు మీ లోకంలో ఒక జవాబు ఉండాలని.

రెండు, దూరం. మామూలు మనిషి రోజుకు 25 నుంచి 30 కిలోమీటర్లు నడుస్తాడు. బండ్లు, సరుకులతో కదిలే సైన్యం అంతకన్నా నెమ్మది. గుర్రం కూడా రోజంతా దౌడు తీయదు.

మూడు, కొలతలు. ఊహాలోకంలో "పది నిమిషాల తర్వాత" అని పడితే చెవికి గుచ్చుకుంటుంది. మనకు గడియ (24 నిమిషాలు), జాము (3 గంటలు), జాన, మూర, బార ఉండనే ఉన్నాయి. వాడుకోండి.

## 5. కథ నడక: ఓటముల నుంచి గీయండి

ముందుగా ఆమె గెలుపుల పట్టిక రాయకండి. మూడు ఓటములు రాయండి.

1. చేతకాక ఓడిపోవడం. శిక్షణ లేదు, తమ్ముణ్ని సైన్యం కళ్లముందే పట్టుకుపోతుంది.
2. తన లోపం వల్ల ఓడిపోవడం. సాయం అడగదు, పక్కనున్న మనిషి దెబ్బ తింటుంది.
3. గెలిచి ఓడిపోవడం. బలం అరువు తెచ్చుకుని గెలుస్తుంది. ఇచ్చి లేవలేక పడి ఉన్నవాళ్లలో ఒకరిని శత్రువు చంపేస్తాడు. ఊరివాళ్లు పడవ ఎక్కడానికి జంకుతారు.

ఈ మూడింటినీ నవలలో సుమారు పావు వంతు, సగం, ముప్పావు దగ్గర పాతండి. మధ్యలో దారి వేసుకోవడం తేలిక. క్లైమాక్స్‌లో ఆమె చేసే నిర్ణయం రెండో ఓటమినాటి వేణి చేయలేనిదై ఉండాలి.

ప్రేమకథ పెట్టుకోవచ్చు. ఒక్క పరీక్ష చాలు: ఆ అబ్బాయిని (లేదా అమ్మాయిని) తీసేస్తే ఆమె నిర్ణయాల్లో ఒక్కటైనా మారుతుందా? మారకపోతే అది అలంకారం. ఆమె నిర్ణయాలన్నీ అతనే చేస్తున్నట్టయితే మీరు రాస్తున్నది అతని నవల.

నిడివి గురించి ఎక్కువమంది అడుగుతారు. ఇంగ్లీషులో ఈ రకం నవలలు తరచూ 70 వేల నుంచి లక్ష మాటల దాకా ఉంటాయి. మన విభక్తులు మాటకే అతుక్కుంటాయి కాబట్టి అదే కథ తెలుగులో తక్కువ మాటల్లో పడుతుంది. మొదటి నవలకు 50, 60 వేల మాటలు దాటకపోతేనే మేలని నా అభిప్రాయం.

## 6. పోరాట సన్నివేశం రాసే వరుస

ముందు కుర్చీలోంచి లేవండి. చేతిలో ఒక కర్ర పట్టుకుని గదిలో కదిలి చూడండి. కుడి చెయ్యి పైకెత్తినప్పుడు ఎడమ కాలు ఎక్కడుంది? ఈ పనికి సిగ్గుపడి మానేసిన రచయిత హీరోయిన్‌కు మూడు చేతులు ఉంటాయి. నా పాత డ్రాఫ్టులో ఒకమ్మాయి డాలు, కత్తి, కాగడా ఒకేసారి పట్టుకుని గోడెక్కింది. రెండు నెలల దాకా నాకే తెలియలేదు.

తర్వాత ఈ వరుసలో రాయండి.

1. ఈ పోరులో ఆమెకు కావలసింది. శత్రువును చంపడం కాకుండా ఇంకేదో ఉండాలి: తలుపు చేరుకోవడం, తాళంచెవి లాక్కోవడం, ఎవరినో దాటించడం.
2. నేల. తడిగా ఉందా, ఏటవాలా, వెలుతురు ఎటు నుంచి? రెండు వాక్యాలు, పోరు మొదలవకముందే. మధ్యలో హఠాత్తుగా స్తంభం పుట్టకూడదు.
3. మొదటి ప్లాను, అది చెడిపోవడం.
4. ఒంటిలో జరిగేది. చేతులు వణకడం, నోరు ఎండిపోవడం, పక్కనున్నది కనబడకపోవడం. ప్రాణభయంలో చూపు సొరంగంలా కుదించుకుపోతుంది. పూర్తి బలంతో కొట్లాడితే ఒక నిమిషానికే ఊపిరి అందదు. అరజాము ఎడతెగని ద్వంద్వయుద్ధం నమ్మదగినది కాదు.
5. మలుపు. ఆమె పాత వృత్తి నుంచో, నేల నుంచో రావాలి. వేణి అయితే పడవను ఊపుతుంది. శత్రువు తూలతాడు, ఆమె తూలదు.
6. ఖర్చు. పోరు అయ్యాక కనీసం అర పేజీ. వాంతి, వణుకు, గాయం, చనిపోయినవాడి మొహం.

గాయాలకు కూడా లెక్క ఉంది. విరిగిన ముంజేయి అతకడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. తల మీద కొడితే జాము సేపు స్పృహ తప్పి, లేచి హాయిగా గుర్రమెక్కడం కుదరదు. అంతసేపు స్పృహ లేదంటే మెదడుకు పెద్ద దెబ్బే. ఇక మందుల్లేని కాలంలో చిన్న కోత కూడా చీము పట్టి ప్రాణం తీసేది. మీ లోకంలో వైద్యమాయ ఉందంటారా, మూడో మెట్టుకు వెళ్లి దానికీ ధర కట్టి రండి.

## 7. "దూకింది" ఎవరు?

ఇది అచ్చంగా మన భాషలో వచ్చే చిక్కు. హీరో అయితే "దూకాడు", పులి అయితే "దూకింది", గొడవ లేదు. హీరోయిన్ పోరాడితే ఆమే దూకింది, పులే దూకింది, గుర్రమూ దూకింది, కత్తీ జారింది.

చూడండి:

*సివంగి మీదికి దూకింది. పక్కకు తప్పుకుంది. మళ్లీ దూకింది. ఈసారి దొరికింది.*

ఎవరు ఎవరికి దొరికారు? రాసినవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ప్రతి వాక్యంలో "ఆమె", "అది" తగిలిస్తే అర్థమవుతుంది గానీ చదువుతుంటే పళ్ల కింద రాయి పడ్డట్టుంటుంది. నాకు పనికొచ్చిన మార్గాలు ఇవి:

- వాక్యానికి కర్తగా మనిషిని కాకుండా ఆమె ఒంటిలో ఒక భాగాన్నో, మృగం ఒంటిలో ఒక భాగాన్నో పెట్టండి: మోకాలు, పంజా, భుజం, తోక.
- క్రియను మార్చండి. మృగం దూకితే ఆమె ఒరగాలి, వంగాలి, జారాలి. ఇద్దరికీ ఒకే క్రియ ఇవ్వకండి.
- ఎదుటివాడు మగవాడైతే ఈ ఇబ్బంది లేదు. ఇద్దరు స్త్రీలు తలపడితే మాత్రం పేర్లు మొదటి అక్షరంతోనే తేడా తెలిసేలా పెట్టండి.
- మొత్తం కథ "నేను" అని చెప్పిస్తే సమస్య సగం పోతుంది. "దూకాను", "దూకింది" వేరువేరు. యంగ్ అడల్ట్ కథకు ఆ గొంతు బాగా నప్పుతుంది కూడా.

అదే ముక్క సరిచేస్తే:

*సివంగి దూకింది. వేణి మోకాళ్ల మీద కూలబడింది. పంజా జడను తాకుతూ తల మీదుగా పోయింది. సివంగి వెనక్కి తిరిగేసరికి గడ కొస నేలకు ఆని ఉంది, మొన దాని గొంతుకు ఎదురుగా ఉంది.*

## 8. మాటలు

రాజుగారు నోరు తెరవగానే పౌరాణిక నాటకం మొదలవడం మన ఫాంటసీకి పాత జబ్బు. "ఓరీ దురాత్మా" అనేవాణ్ని పదహారేళ్ల పాఠకురాలు ఒక పేజీ భరిస్తుంది, రెండో పేజీకి నవ్వేస్తుంది. అలాగని దండనాయకుడు "ఓకే" అనకూడదు. తేలికైన వాడుక తెలుగు, అందులో ఇంగ్లీషు లేకుండా: ఇదే మధ్యేమార్గం. కథనం బయట మనం ఎన్ని ఇంగ్లీషు మాటలు వాడినా, ఊహాలోకంలో మాత్రం వడకట్టుకోవాలి.

"నువ్వు", "మీరు" మన చేతిలో ఉన్న గొప్ప పనిముట్టు. సేనాధిపతి వేణిని ఎప్పుడు "నువ్వు" నుంచి "మీరు" అంటాడో ముందే నిర్ణయించుకోండి. ఆ ఒక్క మాట మార్పు చాలు, బిరుదులు అక్కర్లేదు. ఆమె అతన్ని "మీరు" నుంచి "నువ్వు"కు దించే చోటు ఇంకా బాగుంటుంది.

"చంపబడ్డాడు", "కాల్చివేయబడింది" లాంటివి తీసేయండి. విలుకాళ్లకు "కాల్చండి" అని ఆజ్ఞ ఇప్పించకండి. బాణాన్ని వదులుతారు.

## 9. తరచూ దొర్లే తప్పులు, మరమ్మతు

"నేను మిగతా ఆడపిల్లల్లా కాదు." హీరోయిన్‌ని పైకి లేపడానికి మిగతా అమ్మాయిలను తెలివితక్కువ వాళ్లను చేయడం. మరమ్మతు: కత్తి పట్టని స్త్రీలు కనీసం ఇద్దరికి ఆమెకు రాని విద్య ఇవ్వండి. దండుకు తిండి లెక్క చూసే మనిషి లేకపోతే ఏ యుద్ధమూ వారం నడవదు.

మగాడి మీద ఆడ పేరు. ఏడవదు, నవ్వదు, ఎవరితోనూ మాట్లాడదు. మరమ్మతు: ఆమె నవ్వే చోటు ఒకటి, సిగ్గుపడే చోటు ఒకటి వెతికి రాయండి.

కోపానికి కారణంగా అత్యాచారం. పగ పుట్టించడానికి ఇదొక్కటే దారి అన్నట్టు వాడేస్తున్నారు. పడవ లాక్కుంటే పగ పుట్టదా? తమ్ముణ్ని తీసుకుపోతే పుట్టదా? ఆ విషయమే మీ కథ అయితే, దాని తర్వాతి జీవితమంతా రాసే ఓపిక ఉంటేనే ముట్టుకోండి.

జోస్యం. "నువ్వే ఎన్నికైనదానివి" అనగానే ఆమె నిర్ణయాలకు విలువ పోతుంది. తప్పనిసరైతే జోస్యం ఇంకెవరి గురించో అయినట్టు తేల్చండి, ఆమె అయినా ముందుకు వెళ్లేలా చూడండి.

చివర్లో హీరో వచ్చి కాపాడటం. దీనికి మరమ్మతు లేదు, తీసేయడమే.

## 10. తిరగరాత, చదివించడం

మొదటి డ్రాఫ్టు అయ్యాక కనీసం మూడు వారాలు పక్కన పెట్టండి. తీశాక ముందు కథ చదవకండి, జమాఖర్చుల పేజీలు చదవండి. వరుసగా మూడు అధ్యాయాల్లో ఖర్చు గడి ఖాళీగా ఉంటే కథ అక్కడ చతికిలపడింది. వరుసగా అయిదింట్లో జమ లేకపోతే పాఠకురాలికి ఊపిరాడదు. చిన్న గెలుపో, ఒక నవ్వో ఇవ్వండి.

తర్వాత పోరాట సన్నివేశాలు మాత్రమే గట్టిగా చదవండి. ఊపిరి తీసుకోవడానికి ఆగాల్సిన చోట వాక్యం విరవండి.

బయటివాళ్లకు ఇచ్చే ముందు:

- ఆయుధం, గాయం ఉన్న చెయ్యి ప్రతి సీన్‌లో ఒకే వైపు ఉన్నాయా?
- గాయం తర్వాతి అధ్యాయానికి మాయమైపోలేదు కదా?
- మాయ నియమం ఎక్కడైనా అవసరం కోసం సడలిందా?
- తన కథలోని ప్రతి పెద్ద నిర్ణయం ఆమెదేనా?
- "దూకింది" పరీక్ష ప్రతి పోరుకూ అయిందా?

చదవడానికి అయిదుగురు చాలు, అందులో ముగ్గురు తప్పకుండా ఆ వయసువాళ్లై ఉండాలి. "బాగుందా?" అని అడగకండి, బాగుందనే అంటారు. "ఏ పేజీ దగ్గర ఫోన్ తీశావు?" అని అడగండి. జవాబు రాసుకోండి, వాదించకండి. ఇద్దరు ఒకే చోట ఆగితే ఆ పేజీని కాదు, దానికి మూడు నాలుగు పేజీల ముందు చూడండి. ఖర్చు రాయడం మరిచిపోయిన చోటు సాధారణంగా అక్కడే దొరుకుతుంది.